ఎనిమిదో గదిలోంచి గొర్రెల దారి

నల్లగుంట్లపాడు సంతకు గోడ కట్టినప్పుడు ఒకటే గేటు పెట్టినారు. ఆ సంగతి తలుచుకుంటే పుల్లమ్మకు ఇప్పటికీ తిక్క రేగుతుంది. "ఇంటికైనా ముందొక వాకిలి, వెనకొక వాకిలి ఉంటది. నాలుగైదొందల గొర్రెలు వచ్చేదానికీ పోయేదానికీ ఒక్క గేటంట!" అని, నములుతున్న వక్కను బుగ్గన పెట్టుకుని, గోడ ఉన్న దిక్కుకు చెయ్యి విసురుతుంది. తప్పు ఎవరిదని అడిగితే మాత్రం, "అందరిదీ," అంటుంది. వక్క ఇంకోసారి నమిలి, "ముందు నాది," అంటుంది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగైదేండ్లు. గిద్దలూరు తాలూకా ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నల్లగుంట్లపాడు రాచర్ల దారిలో ఉన్న చిన్న ఊరు. వానొస్తే జొన్న, సజ్జ. రాకపోతే గొర్రెలు. ఆ ఊరికి పేరు తెచ్చింది మంగళవారం గొర్రెల సంత ఒక్కటే. చుట్టుపక్కల పల్లెల మందలన్నీ అక్కడికే వచ్చేవి. కొనేవాళ్లు మార్కాపురం నుంచీ నంద్యాల నుంచీ లారీలు వేసుకుని వచ్చేవాళ్లు.

ఆ సంతలో పుల్లమ్మది అన్నం కొట్టు. కొట్టంటే నాలుగు గుంజలు, పైన బోదగడ్డి. సజ్జ రొట్టె, జొన్న సంగటి, బోటికూర, తలకాయ కూర. ఆమె చేతి బోటికూర తినకుండా ఇంటిదారి పట్టే గొర్రెల కాపరి ఆ చుట్టుపక్కల లేడు. అయితే వారం వారం ఆ సామానంతా ఊళ్లోంచి మోసుకురావాలి. పొయ్యిరాళ్లతో సహా మోసుకురావాలి, ఎందుకంటే ఆడ వదిలేసి పోతే మళ్లీ మంగళవారానికి ఉండవు. గాలి లేస్తే కూరలో దుమ్ము. వానొస్తే పొయ్యి చల్లారిపోతుంది. కుక్కలతో పోరాటం ఎటూ తప్పదు. మొగుడు అంకన్న నీళ్ల కావడి మోసీ మోసీ, "ఏందిమే ఈ బతుకు, తలుపున్న కొట్టు ఒకటి ఉంటే ఎంత బాగుంటది," అనేవాడు. ఆ మాట ఆయన అని మర్చిపోయేవాడు. పుల్లమ్మ మర్చిపోలేదు. తలుపున్న కొట్టు, తాళం వేసుకుని పొయ్యే కొట్టు. ఆమె ఆశ అదొక్కటే.

పాత సంతకు గోడా లేదు, గేటూ లేదు. వాగుకూ రోడ్డుకూ నడుమనున్న బీడు అది. మందలు వాగులో నీళ్లు తాగి ఆ పక్కనుంచి ఎక్కేవి. అమ్ముడుపోయినవి ఈ పక్క రోడ్డు మీదికి దిగి లారీ ఎక్కేవి. వచ్చే మంద, పొయ్యే మంద ఎదురుపడేవి కావు. ఇట్ల జరగాలని ఎవరూ పెట్టలేదు. గొర్రెలు నడిచీ నడిచీ అట్ల కుదిరింది.

అట్లాంటి చోటికి పంచాయతీల పైనున్న సమితి నుంచి కాగితం వచ్చింది. సంతకు ప్రహరీ గోడ, రోడ్డు వెంబడి ఎనిమిది దుకాణం గదులు. గదుల మీద బాడుగ వస్తే పంచాయతీకి రాబడి, దుకాణాలు వస్తే ఊరికి జనం, జనం వస్తే బస్సు ఆగుతుంది. ఆలోచన మంచిదే. పుల్లమ్మ కూడా కాదనదు. "ఊరు పెరగాలనే కట్టినారు. పెరగొద్దని ఎవరు కడతారు?" అంటుంది.

ఆమె అప్పటికి పంచాయతీ మెంబరు. ఆడవాళ్లలోంచి ఒకరిని బోర్డులోకి తీసుకోవాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. ప్రెసిడెంటు కాటమరాజు వరసకు ఆమెకు మరిది. సంతలో అందరికీ తెలిసిన ఆడమనిషి కదా అని ఆమె పేరు రాయించినాడు. మెంబరయితే ఏం చేయాలి అని ఆమె అడిగితే, "ఏముంది వదినా, పిలిచినప్పుడు వచ్చి వేలిముద్ర వెయ్యి," అన్నాడు.

పిలిచినారు. ఓవర్సీరు ప్లాను తెచ్చిన రోజు. కోస్తా నుంచి కొత్తగా వచ్చినవాడు, చిన్న వయసు, పెద్ద టోపీ. కాటమరాజు వసారాలో నీలం కాగితం పరిచి, గాలికి లేవకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్లు పెట్టినారు. మెంబర్లు చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మెంబరు పుల్లమ్మ మాత్రం వెనక పొయ్యి దగ్గర ఉంది. ఓవర్సీరుకు భోజనం ఎవరు వండుతారు మరి?

మజ్జిగ ఇచ్చే వంకతో ఆమె వసారాలోకి వచ్చి కాగితం మీదికి వంగింది.

"ఈ గీత ఏంది సారూ?"

"అది గోడమ్మా."

"గీత తెగిన ఈ చోటు?"

"గేటు. రోడ్డు వైపు."

"ఇంకో గేటు యాడ?"

ఓవర్సీరు నవ్వినాడు. "ఎన్ని గేట్లు కావాలమ్మా మీకు? గేటు ఒకటే ఉంటే గొర్రెకింతని ఆశీలు వసూలు చేసేవాడు అక్కడే కూర్చుంటాడు. ఒక్క గొర్రె కూడా తప్పించుకోలేదు."

ఆశీలు గుత్తకు పాడుకున్న గంగయ్య అక్కడే ఉన్నాడు. "సారు లెక్క సరైన లెక్క," అన్నాడు.

పుల్లమ్మ తన అన్న పోలయ్య దిక్కు చూసింది. పోలయ్యకు డెబ్బై గొర్రెలు. ఆ బోర్డులో ఏడుగురుంటే నలుగురు గొర్రెలోళ్లే. ఒక్కరన్నా ఏమన్నా అంటారేమోనని చూసింది. పోలయ్య తల ఊపి, "దొడ్డికి ఎప్పుడూ ఒకటే దారి గద పుల్లీ," అన్నాడు.

అదీ సంగతి. ఇంటి దగ్గర దొడ్డికి ఒకటే దారి ఉంటుంది, రాత్రికి దానికి కంప అడ్డం వేస్తారు. రెండో దారి ఉంటే తోడేలుకు పనికొస్తుంది. పుట్టినప్పటి నుంచీ దొడ్డి చూసిన మనుషులు కాబట్టి కాగితం మీద నలుచదరం గీత కనబడగానే వాళ్ల కంటికి దొడ్డే కనబడింది. దొడ్డిలో ఉండేది ఒక్క మంద, అది పొద్దున పోతుంది, సాయంత్రం వస్తుంది. సంతలో ఇరవై మందలు ఒకే పూట వస్తూ పోతూ ఉంటాయని, గొర్రెల మధ్యే పుట్టి పెరిగిన నలుగురిలో ఒక్కరికీ తట్టలేదు.

పుల్లమ్మకు ఏదో తట్టబోయింది. నోరు తెరిచింది కూడా. అంతలో ఓవర్సీరు వేలు పెట్టి, "ఇవిగో, ఇవి ఎనిమిది గదులు. సిమెంటు గచ్చు, రెండు రెక్కల తలుపు," అన్నాడు. ఆమె చూపు ఆ చిన్న చదరాల మీద పడింది. పడి ఇంక లేవలేదు. ఒక్కో చదరమూ ఒక కొట్టు. తలుపు, తాళం. వెనక నుంచి కాటమరాజు, "వదినా, సంగటి మాడుతున్నట్టుంది," అన్నాడు. నిజంగానే మాడుతూ ఉంది. లేచి పోయింది. మళ్లీ వచ్చేసరికి ఆమె వేలిముద్ర కోసం సిరా పూసి ఉంచినారు. వేసింది.

"ఆ గదులు చూసి మతి పోగొట్టుకున్నా," అంటుంది పుల్లమ్మ. "లేకుంటే నేను అడగకుండా వదిలే మనిషినా?"

గోడ లేవడానికి ఏడాదిన్నర పట్టింది. గదులు వేలం పాట పెట్టినారు. బస్సు ఆగే చోటికి దగ్గరున్నవి ముందు పోయినాయి. కంబళ్లవాళ్లు, తాళ్లూ పలుపులూ అమ్మేవాళ్లు, కిరాణా కోమటి, సైకిళ్లు బాగుచేసే ఆయన తీసుకున్నారు. కొసనున్న ఎనిమిదోది ఎవరూ అడగలేదు. పుల్లమ్మ అడిగింది. ఆమె తప్ప ఎవరూ అడగలేదు కాబట్టి ఆమెకే వచ్చింది. సంతకు ముందురోజు గచ్చు కడిగి, ముగ్గు వేసి, వెనక గోడకు ఆనించి పొయ్యి కట్టి, పాలు పొంగించింది. అంకన్న తలుపు తీసి చూసి, మూసి చూసి, గడియ వేసి, మళ్లీ తీసి, "ఇంకేందిమే, నువ్వు షావుకారివి," అన్నాడు. ఆమె ఆ పూట తాళం చెవి కొంగుకు కట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగి వచ్చిందట, ఏ పనీ లేకపోయినా.

మంగళవారం వచ్చింది.

పోలయ్య మంద మొదట లోపలికి పోయింది. దాని వెనక ఒక్కొక్కటే ఇంకో పద్దెనిమిది మందలు పోయినాయి. అంతవరకు బాగుంది. మార్కాపురం ఆసామి ఒకాయన ముప్పై గొర్రెలు కొని, లారీ ఎక్కించడానికి గేటు దిక్కు తోలినాడు. అదే సమయానికి బయటి నుంచి రాచర్ల దిక్కు మంద ఒకటి లోపలికి వస్తూ ఉంది. గేట్లో రెండూ ఎదురుపడినాయి. లోపలికి వచ్చే పొట్టేలును చూసి బయటికి పొయ్యే గొర్రెలు వెనక్కి తిరిగినాయి. వెనక్కి తిరిగిన వాటిని చూసి మిగిలినవీ తిరిగినాయి. తిరిగినవి ఊరుకున్నాయా? పక్క మందలోకి చొచ్చుకుపోయినాయి. ఆ మంద బెదిరి ఇంకో మందలో పడింది. పావుగంటలో లోపల ఉన్నది ఒకటే మంద. నాలుగొందల గొర్రెలు, ఇరవై మంది యజమానులు.

ఇంక చూడాలి. ఒక్కొక్క గొర్రెనూ పట్టి, చెవి తిప్పి, కోత గురుతు చూసి, "ఇది నాది", "నీ అబ్బది కాదు, నాది" అని గుంజులాట. గేటు దగ్గర గంగయ్య లెక్క మూడుసార్లు తప్పి, నాలుగోసారి అందరినీ మళ్లీ ఆశీలు కట్టమన్నాడు. ఎవరో ఆయన కండువా లాగి గొర్రెల మధ్యకు విసిరేసినారు. లారీ డ్రైవరు గంటసేపు హారన్ కొట్టి కొట్టి ఖాళీ లారీతో పోయినాడు. పోలయ్య తన గొర్రెలు తను ఏరుకునేసరికి పొద్దు వాలింది. పుల్లమ్మ కొత్త గదిలో బోటికూర కుండ నిండుగా అట్లనే ఉంది. తినేదానికి ఎవరికి తీరిక?

రెండో మంగళవారమూ అంతే. మూడో మంగళవారం సగం మందలు రాలేదు. రెండామడల దూరంలో కొత్తూరు అని ఇంకో సంత ఉంది, అక్కడికి మళ్లినాయి. కంబళ్లాయన గది ముందు కూర్చుని ఈగలు తోలుకుంటూ, "పుల్లమ్మా, మనం ఎవరికోసం తెరిచినాం ఈ కొట్లు?" అన్నాడు.

రెండో గేటు కావాలని బోర్డు తీర్మానం చేసింది. రాసేది పంచాయతీ గుమాస్తా ఇస్సాకు. సన్నటి మనిషి, ముత్యాల్లాంటి అక్షరం, నెమ్మది మాట. సమితికి పోయిన కాగితం నెలకు తిరిగొచ్చింది. బోర్డు ఏకగ్రీవంగా ఆమోదించిన ప్లానులో మార్పు ఎందుకు అవసరమైనదో వివరించవలెను అని రాసి ఉంది. వివరించినారు. వారానికి ఎన్ని గొర్రెలు వస్తాయో సంఖ్య తెలుపవలెను అని మళ్లీ వచ్చింది. తెలిపినారు. ఆ సంఖ్యలో లోపలికి వచ్చేవి ఎన్ని, బయటికి పోయేవి ఎన్ని అని ఇంకోటి వచ్చింది.

"లోపలికి వచ్చినవి బయటికి రాక లోపలే కాపురం ఉంటాయా?" అని పుల్లమ్మ కేక వేసింది. "అట్లే రాయి ఇస్సాకూ!"

"అట్ల రాయకూడదక్కా."

"ఏం?"

"మళ్లీ వివరణ అడుగుతారు."

చివర ఇంకో మాట కూడా ఉంది. మంజూరు వచ్చేవరకు ప్రహరీలో ఒక్క రాయి కదిలించినా బోర్డు మెంబర్లే బాధ్యులు. పోలయ్య గునపం తెచ్చి గోడకు ఆనించి నిలబడినాడు. కాటమరాజు గబగబా వచ్చి ఆ గునపాన్ని కింద పడేసి దాని మీద కూర్చున్నాడు. "బావా, నీ కాళ్లు మొక్కుతా. నా పేరు మొదట ఉంది ఆ కాగితంలో."

నాలుగో నెలకు వచ్చే మందలు ఐదో ఆరో. సంత చచ్చిపోతుందని అందరికీ తెలుస్తూనే ఉంది.

అట్లాంటి రోజు పుల్లమ్మ పంచాయతీ ఆఫీసుకు వేరే పని మీద పోయింది. గదిలో పొగ పోవడం లేదు, పొయ్యి పైన చిన్న కిటికీ పెట్టుకోవాలి. పెట్టుకోవచ్చా అని అడిగేదానికి పోయింది. కాటమరాజు, పోలయ్య, గంగయ్య అక్కడే దిగులుగా కూర్చుని ఉన్నారు. ఇస్సాకు ఆమె బాడుగ ఒప్పందం బయటికి తీసి, వేలు పెట్టి చదివినాడు. "బాడుగదారు బోర్డు అనుమతితో, తన ఖర్చుతో, గది వెనక గోడకు కిటికీ గానీ తలుపు గానీ పెట్టుకోవచ్చు."

"తలుపు గానీ?" అన్నాడు పోలయ్య.

ఇస్సాకు మళ్లీ చదివినాడు. తలుపు గానీ.

గది వెనక గోడ అంటే సంత గోడే, కాగితం లెక్కలో మాత్రం అది ప్రహరీ కాదు, గది గోడ. గది ముందు తలుపు రోడ్డు మీదికి. వెనక తలుపు పెడితే సంతలోంచి గదిలోకి, గదిలోంచి రోడ్డు మీదికి దారి. సమితి అక్కర్లేదు, కర్నూలు అక్కర్లేదు. గేటుకు దూరంగా కొసనున్నదీ ఆమె గదే. అందరూ పుల్లమ్మ మొహం చూస్తున్నారు.

"అడగండి," అన్నది పుల్లమ్మ. "నోళ్లు లేవా? అడగండి."

కాటమరాజు గొంతు సవరించుకున్నాడు. "మంగళవారం ఒక్కరోజే గద వదినా."

"మంగళవారం కాక నేను అన్నం ఎప్పుడు అమ్ముకుంటా? శుక్రవారం ఎవరు తింటారు, నువ్వా?"

"రెండు నెలలే. మంజూరు రాగానే..."

"నీ మంజూరు మొహం మండ!"

లేచి వచ్చేసింది. గదికి పోయి తలుపు వేసుకుని కూర్చుంది. పాలు పొంగించి నాలుగు నెలలు కాలేదు. కట్టిన పొయ్యికి పసుపు ఇంకా పోలేదు. గది ఇయ్యకపోతే ఎవరూ ఆమెను బలవంతపెట్టలేరు, ఒప్పందం ఆమె పేరుమీద ఉంది. అయితే గది ఇయ్యకపోతే సంత ఉండదు. సంత లేని గదిలో ఎవరికి వండాలి? ఇస్తే గది ఉండదు. "ఎట్ల చూసినా నా నెత్తిమీదికే వచ్చింది," అంటుంది. "ప్లాను గీసినోడి నెత్తిమీదికి రాలేదు. ఒకటే గేటు చాలన్నోడి నెత్తిమీదికి రాలేదు. ఇంకో గేటు యాడ అని అడిగిన ఒక్కదాని నెత్తిమీదికి వచ్చింది. న్యాయమా?"

పొద్దున పోలయ్య వచ్చేసరికి ఆమె పొయ్యి తనే పగలగొట్టి, రాళ్లు బయట పేర్చి ఉంది. "గునపం తెచ్చినావా, ఊరికే వచ్చినావా?" అన్నది. అన్న కళ్లలో నీళ్లు చూసి, "ఏడుపు తర్వాత. ముందు తవ్వు," అన్నది.

వెనక తలుపు పెట్టినారు. రోడ్డు దిక్కు మెట్టుకు బండ వాలుగా వేసినారు. ఆ మంగళవారం నుంచి మందలు గేట్లోంచి లోపలికి పోయినాయి. అమ్ముడుపోయినవి ఎనిమిదో గదిలోంచి బయటికి వచ్చినాయి. రెండు దారులూ కలవలేదు. నెల తిరక్కుండా కొత్తూరు పోయిన మందలు వెనక్కి వచ్చినాయి. లారీలు వచ్చినాయి. బస్సు ఆగడం మొదలుపెట్టింది. కంబళ్లాయన ఇంకో గది అడిగినాడు. సైకిళ్లాయన తమ్ముడు టీ కొట్టు పెట్టినాడు. ఊరు పెరిగింది, కాగితంలో రాసినట్టే.

పుల్లమ్మ పాత చోట, నాలుగు గుంజల కింద, దుమ్ములో సంగటి కెలుకుతూ ఉంది.

గదికి బాడుగ కూడా ఆమే కట్టాలి. కాటమరాజుకు సిగ్గయి, మాఫీ చేద్దామన్నాడు. ఇస్సాకు తల అడ్డంగా ఊపినాడు. "బాడుగ లేని గది ఖాళీ గది కింద లెక్కక్కా. ఖాళీ గదిని మళ్లీ పాట పెట్టాల. ఎవరన్నా పాడుకుని వెనక తలుపు మూసేస్తే?" అట్ల ఆమె గొర్రెలు నడిచేదానికి బాడుగ కట్టుకుంటూ వచ్చింది. గచ్చు మీద పెంటికలు, గోడలకు మోకాలెత్తు వరకు ఉన్ని జిడ్డు. బుధవారం పొద్దున ఆమే కడగాలి. రెండు నెలలన్నది రెండేండ్లయింది. అన్నిటికంటే ఆమెకు ఒళ్లు మండింది జనం మెచ్చుకున్నప్పుడు. "నీ గది మంచి గది పుల్లమ్మా, ఊరికి కలిసొచ్చింది," అనేవాళ్లు. "అయితే నీ ఇంట్లోంచి తోలుకో, ఇంకా కలిసొస్తది," అనేది.

రెండేండ్ల తర్వాత రెండో గేటు అవసరమా కాదా చూసేదానికి ఓవర్సీరు వచ్చినాడు. ఆ పాత ఓవర్సీరే, టోపీ కొంచెం వెలిసింది. మంగళవారం పొద్దున వచ్చి, సంతంతా తిరిగి చూసి, టీ తాగి, ఎనిమిదో గదిలోంచి గొర్రెలు వరసగా దిగుతుంటే ముచ్చటపడినాడు. పుస్తకం తీసి రాసుకున్నాడు. ఇస్సాకు పక్కనుంచి ఆ రాత చదివి, నెమ్మదిగా వచ్చి పుల్లమ్మ గుంజల దగ్గర నిలబడినాడు.

"ఏం రాసినాడు?"

"చెప్తే కోప్పడతావక్కా."

"చెప్పకపోతే కోప్పడతా."

"ప్రస్తుతం ఉన్న దారి తృప్తికరముగా పనిచేయుచున్నది, రెండో గేటు అనవసరము అని."

పుల్లమ్మ గరిటె కింద పెట్టింది. చేతులు కడుక్కుంది. ఇస్సాకు భయపడింది ఆ చేతులు కడుక్కోవడం చూసే. ఎనిమిదో గదికి పోయి, లోపలున్న నాలుగు గొర్రెలను బయటికి అదిలించి, వెనక తలుపు వేసి గడియ పెట్టింది. ముందు తలుపుకు తాళం వేసింది. వచ్చి గది ముందున్న బండ మీద కూర్చుంది.

"ఏందిది వదినా?" అని కాటమరాజు పరుగెత్తుకొచ్చినాడు.

"నా గది. మూసుకున్నా."

"సారు ఉన్నాడు!"

"ఉండనీ. ఉన్నాడనే గద."

ఓవర్సీరు అప్పటికి లోపల, సంత నడుమ ఉన్నాడు. నంద్యాల ఆసామి కొన్న యాభై గొర్రెలు మూసిన తలుపుకు తగిలి వెనక్కి మళ్లి గేటు దిక్కు పోయినాయి. గేట్లో రెండు మందలు లోపలికి వస్తున్నాయి. తర్వాత ఏమైందో చెప్పక్కర్లేదు. ఓవర్సీరు చుట్టూ మోకాలెత్తున గొర్రెలే. అటు కదలబోతే అటు, ఇటు కదలబోతే ఇటు. టోపీ ఎక్కడో పడింది. ఒక పొట్టేలు ఆయన పుస్తకం అంచు నములుతూ ఉంది. గోడ మీద కూర్చున్న పోలయ్య, "సారూ, ఇప్పుడు తృప్తికరంగా ఉందా?" అని అడిగినాడు.

గోడకు ఒరుసుకుంటూ, పక్కగా జరుగుతూ, గేటు దాటి ఎనిమిదో గది ముందుకు వచ్చేసరికి ఆయనకు గంట పట్టింది.

"తలుపు తియ్యమ్మా," అన్నాడు.

"నాది అన్నం కొట్టు సారూ. గొర్రెల దారి కాదు. కావాలంటే ఒప్పందం చదివించుకో."

"ఇది ప్రభుత్వ పనికి అడ్డం రావడం అవుతుంది, తెలుసా?"

"గది నాది, బాడుగ నేనే కడతన్నా. దేనికి అడ్డం వచ్చినా?"

ఆయన ఇస్సాకు దిక్కు చూసినాడు. ఇస్సాకు, "ఆమె చెప్పింది నిజమే సార్," అన్నాడు, నేల చూపులు చూస్తూ. లోపలి నుంచి గొర్రెల అరుపులకు ఒకరి మాట ఒకరికి వినబడటం లేదు. ఓవర్సీరు పుల్లమ్మ పక్కన ఆ బండ మీదే కూలబడినాడు. పొట్టేలు నమిలిన పుస్తకం తెరిచి, రాసిన వాక్యం కొట్టేసినాడు.

"సరే. గేటు ఈ రోడ్డు వైపే, మొదటిదానికి జతగా పెడదాం. చూడటానికి బాగుంటుంది."

"చూసేదానికా, పొయ్యేదానికా?" అన్నది పుల్లమ్మ. "మందలు వచ్చేది యాడనుంచి?"

"ఎక్కడినుంచి?"

"లే. వచ్చి చూడు."

గోడ చుట్టూ తిప్పి వెనక్కి తీసుకుపోయింది. వాగు దిక్కు నుంచి మందలు ఎక్కి వచ్చి, గోడకు తగిలి, ఫర్లాంగు దూరం చుట్టు తిరిగి రోడ్డుకు పోతున్న జాడ నేల మీద అచ్చు పడి ఉంది. ఆయన వంగి ఆ జాడను చూసినాడు. "ఎంత వెడల్పు ఉండాలి?" అని అడిగినాడు.

"రెండు గొర్రెలు పక్కపక్కన పట్టాల, మూడోది దూరకూడదు. జతలుగా లెక్క పెట్టుకుంటారు మావోళ్లు. మూడోది దూరిందంటే గంగయ్య లెక్క మళ్లీ మొదటికొస్తది."

ఆయన టేపు తీసినాడు. ఆమె ఆ పక్కగా పోతున్న మందలోంచి రెండు గొర్రెలను మెడలు పట్టి ఈడ్చుకొచ్చి గోడ వారగా జతగా నిలబెట్టింది. కొలిచినాడు. పుస్తకంలో గోడ గీసి, గీతను ఒకచోట తెంపినాడు. "చూసుకో," అన్నాడు. ఆమె చూసుకుంది. ఇస్సాకుకు కూడా చూపించింది. అప్పుడు పోయి తాళం తీసింది.

గేటు రావడానికి ఇంకా పదకొండు నెలలు పట్టింది. ఆ పదకొండు నెలలూ గొర్రెలు ఆమె గదిలోంచే నడిచినాయి. వాగు దిక్కు గేటు తెరిచిన మంగళవారం, మొదటి మంద అందులోంచి లోపలికి రాగానే, పుల్లమ్మ తట్టలో మట్టి కలిపి, రాళ్లు తెచ్చి, గది వెనక తలుపుకు అడ్డంగా తనే గోడ లేపడం మొదలుపెట్టింది. మేస్త్రీ వస్తాడు ఉండమని అంకన్న అన్నా వినలేదు.

నడుమెత్తు లేచినాక ఇస్సాకు వచ్చి నిలబడినాడు.

"అక్కా, మూసేదానికి కూడా బోర్డు తీర్మానం కావాల."

"రాసుకో," అన్నది పుల్లమ్మ, రాయి మీద రాయి పెడుతూ. "నేను మూసినాక రాసుకో. ఇప్పుడు ఆ పక్కనున్న రాయి అందుకో."